పసిబిడ్డతో ఒంగోల్లో మినిస్ట్రీ ఇంటర్న్‌షిప్ చేశా, నా రివ్యూ ఇది

ఒంగోల్లో మా చర్చి సంఘం వాళ్ళు నడిపే ఏడాది మినిస్ట్రీ ఇంటర్న్‌షిప్, అంటే చర్చిలో పరిచర్య (సేవ) నేర్పే ట్రైనింగ్ గురించి రాస్తున్నా. 2023 జూన్‌లో చేరి 2024 మేలో పూర్తి చేశా, చేరేటప్పటికి మా పాపకి ఏడాదిన్నర. సంఘం పేరు రాయట్లేదు, పేరు వేయొద్దమ్మా అని పాస్టరు గారు ముందే అన్నారు, పైగా కింద కొన్ని లోపాలు కూడా రాశా కాబట్టి పేరు లేకపోవటమే మంచిది. ఇలాంటి ట్రైనింగులు వేరే సంఘాల్లో కూడా పెడుతుంటారు కాబట్టి ఎక్కడ చేరేవాళ్ళకైనా ఇది పనికొస్తుందని రాస్తున్నా.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే, చిన్నబిడ్డ ఉన్న తల్లి ఇది చెయ్యగలదా అని. చెయ్యగలదు. ఇంకా చెప్పాలంటే ఇళ్ళకెళ్ళి మనుషుల్ని పలకరించే పని ఉంది చూశారా, అది బిడ్డ ఉన్న తల్లి చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేరు, ఈ మాట నేను ఏడాది చూసి చెప్తున్నా. కానీ టైంటేబులు మాత్రం బిడ్డలు లేని మగపిలకాయల్ని దృష్టిలో పెట్టుకొని వేసింది, దాన్ని చేరకముందే మాట్లాడి మార్పించుకోకపోతే మూడో నెలకే మానేసే పరిస్థితి వస్తది. రేటింగ్ అడిగితే 5కి 4 ఇస్తా. ఆ పోయిన ఒకటి ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు ఇది ఏందో చెప్తా, ఎందుకంటే చాలామంది బైబిల్ కాలేజీ అనుకుంటున్నారు. కాదు. బైబిల్ కాలేజీ అంటే హాస్టల్లో ఉండి చదవాలి. మన ఏరియాకి దగ్గర్లో అంటే రామాయపట్నం సెమినరీ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1870ల్లో సముద్రం ఒడ్డున పెట్టింది, ఇప్పుడు అక్కడ పోర్టు కడుతుండటం వల్ల ఆ ఊరి పేరు అందరికీ తెలిసింది గానీ మన పాతతరం పాస్టర్లలో చాలామంది అక్కడ చదివొచ్చినవాళ్ళే. పెద్ద డిగ్రీలు కావాలంటే బైబిల్ చదువుకి డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కింద ఉండే కాలేజీలు, ఆ సెరంపూర్ కాలేజీ బెంగాల్లో 1818లోనే మొదలైంది. అవన్నీ మంచివే. కానీ మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో షిఫ్టులు చేస్తారు, బిడ్డ ఇంకా పాలు మానలేదు, నేను పెట్టె సర్దుకొని హాస్టలుకి పోయే ప్రశ్నే లేదు. ఉన్న ఊళ్ళో, సొంత సంఘంలో, పాస్టరు గారి పక్కన ఉండి పని నేర్చుకోవటమే ఈ ఇంటర్న్‌షిప్. మా బ్యాచ్‌లో నలుగురం, డిగ్రీ అయిపోయిన అబ్బాయిలు ఇద్దరు, ఇంటర్ అయిన ఒక అమ్మాయి, నేను. పెళ్ళయిన దాన్ని నేనొక్కదాన్నే.

మంగళ, బుధ, గురు పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా క్లాసులు. శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం గృహదర్శనాలు, ఆదివారం పొద్దున్నే సండే స్కూలు, తర్వాత ఆరాధన. సోమవారం సెలవు. చూడటానికి తేలికగానే ఉంటుంది, ఇందులో రాయని రాత్రి కూడికల సంగతి తర్వాత చెప్తా.

క్లాసులు చాలా బాగున్నాయి, దీంట్లో నాకు ఏ అనుమానం లేదు. నేను చిన్నప్పట్నుంచి సండే స్కూల్లో పెరిగినదాన్ని, వాక్యాలు కంఠతా వచ్చు, అయినా ఒక పుస్తకాన్ని మొదట్నుంచి చివరిదాకా లేవకుండా ఒకేసారి కూర్చొని గట్టిగా చదవటం ఇక్కడే మొదటిసారి. బైబిల్లో రూతు గ్రంథంతో మొదలుపెట్టారు. నాలుగే అధ్యాయాలు కదా, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం చదివి ముగించాం. తర్వాత వర్తమానం, అంటే ప్రసంగం రాయమన్నారనుకునేరు, రాయనివ్వలేదు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడ ఉన్నారు, ముందు ఏం జరిగింది, ఈ మాట విన్న మొదటి మనుషులకి ఏం అర్థమయ్యుంటది, ఇవే వారాల తరబడి. అక్కడ లేని మాట నీ నోట్లోంచి రాకూడదు అనేది మా క్లాసులో పెద్ద రూలు. మా బ్యాచ్ అబ్బాయి ఒకతను మైకులో అదరగొట్టే మనిషి, అతన్ని కూడా ఆపి ఈ మాట ఏ వచనంలో ఉందో చూపించు బాబూ అనేవాళ్ళు. ఇలా నేర్పే చోటు దొరకటం అదృష్టం, ఎందుకంటే ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు వాక్యం పేరుతో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు, మన అమ్మలు అమ్మమ్మలు అదంతా నమ్మి కూర్చుంటున్నారు.

రూతు కథ బేత్లెహేములో కరువుతో మొదలవుద్ది కదా, అక్కణ్ణుంచి క్లాసు చెప్పే సారు మమ్మల్ని మన ఒంగోలు కరువుకి తీసుకొచ్చారు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు. అప్పుడు ఇక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చాడు. పని కోసం, తిండి కోసం మతం మారారు అనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడట, ఇది నాకు కొత్త సంగతి. కరువు సాయం పనులు అయిపోయాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె ఒంగోలు క్రైస్తవులందరికీ తెలుసు, గోడల మీద కూడా రాసుకుంటారు. దాని వెనక ఉన్న ఆగటం, ఆలోచించటం మాత్రం ఎవరూ మాకు చెప్పలేదు. దొర కంటే ముందు ఊరూరా తిరిగి మాట చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్య గారి గురించి కూడా ఇక్కడే విన్నా, మాదిగ కుటుంబం, తోలు పని, 1866లో బాప్తిస్మం. ఆయన లేకపోతే ఆ పల్లెల్లో దొర మాట వినేవాళ్ళు ఎవరు చెప్పండి.

ఇంకోటి, ప్రార్థన కొండ. జనవరి ఒకటో తారీకు పొద్దున్నే కొండెక్కటం మా ఇంట్లో అలవాటే. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ జూవెట్ దొర అక్కడ ప్రార్థన చేశాడని అందరం చెప్పుకుంటాం. కానీ ఆ రోజు కొండ మీద ఉన్నది ఐదుగురు, ఆయన, ఆయన భార్య, నర్సు అనే పేరున్న ఒక విశ్వాసి (మగమనిషే), జూలియా, రూతు. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. నెల్లూరు నుంచి వచ్చి ఆ చీకట్లో కొండెక్కిన మన తెలుగు స్త్రీలు ఇద్దరు. ఇది విన్న రోజు మా పాప నా ఒళ్ళో నిద్రపోతా ఉంది, నాకు మాత్రం కళ్ళు తడిశాయి. నూట డెబ్భై ఏళ్ళ కింద మొదలైన పనిలో మొదట్నుంచీ మనం ఉన్నాం అని తెలిస్తే ఆడమనిషికి నడుం నిటారుగా నిలబడుద్ది.

ఇప్పుడు బిడ్డ సంగతి. క్లాసు గదిలో వెనకాల ఒక చాప వేశారు, దాని మీద నాలుగు బొమ్మలు, ఒక దుప్పటి. మొదట్లో పాప బాగా ఏడ్చేది. ఏడిస్తే బయటికి తీసుకెళ్ళమ్మా అని సారు ఒక్కసారి కూడా అనలేదు, గొంతు కొంచెం పెంచి పాఠం చెప్పుకుంటా పోయేవాళ్ళు. పాస్టరమ్మ గారు మాత్రం చర్చి వెనకే ఇల్లు కాబట్టి వచ్చి ఎత్తుకొని పోయి పెరుగన్నం తినిపించి పడుకోబెట్టేవాళ్ళు. నాకు ఇది సాయం లాగా కాకుండా ఈ కోర్సులో ఒక భాగం లాగా చూశారు, అదే నాకు నచ్చింది. అమ్మాయ్, నువ్వు బిడ్డని వదిలిపెట్టి నేర్చుకునేది రేపు నీకు పనికిరాదు, రేపు నువ్వు పరిచర్య చేసేది కూడా బిడ్డతోనే కదా, అన్నారు ఆమె. ఆమె నలుగురు పిల్లల్ని పెంచుతానే ముప్పై ఏళ్ళు స్త్రీల సమాజం నడిపిన మనిషి.

పాఠాలు ఆడియో రికార్డు చేసి గ్రూపులో పెట్టేవాళ్ళు. ఇది పెట్టమని అడిగింది నేనే, తర్వాత నాకంటే అబ్బాయిలే ఎక్కువ విన్నారు. పాప గోల చేసినప్పుడు పోయిన ముక్కలన్నీ గిన్నెలు తోముకుంటా వినేదాన్ని. చదువుకోవటానికి రాత్రిళ్ళు నాకు కుదరలేదు, బిడ్డని జోకొడతా నేనే నిద్రపోయేదాన్ని, తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే ఆరింటి దాకా ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది, అదే నా చదువు టైము. మీకు ఏది కుదురుద్దో మొదటి రెండు వారాల్లోనే చూసుకోండి, వర్తమానం రాసి ఇవ్వమన్న గడువులు మాత్రం గట్టిగా పట్టుకుంటారు, బిడ్డకి జ్వరం అంటే రెండు రోజులు ఇస్తారు అంతే.

గృహదర్శనాల గురించి ఎంత రాసినా తక్కువే. శనివారం సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరిద్దరం వెళ్ళేవాళ్ళం. అబ్బాయిలు పోతే కుర్చీలు వేసి, కాఫీ ఇచ్చి, బాగున్నాం బ్రదర్, ప్రార్థన చెయ్యండి అని పంపిస్తారు. నేను పాపని చంకనేసుకొని పోతే, ఏందమ్మా ఇంత ఉక్కలో బిడ్డనేసుకొని తిరగతా ఉండావు, లోపలికి రా అని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళేవాళ్ళు. వంటింట్లో చెప్పే మాటలు హాల్లో చెప్పరు. కొడుకు తాగుడు గురించి, అల్లుడు కొట్టటం గురించి, డ్వాక్రా అప్పు కిస్తీ గురించి, అన్నీ ఉల్లిపాయలు తరుక్కుంటా చెప్తారు. పాప ఆ ఇంటి ముసలామె కొంగు పట్టుకొని ఆడుకుంటా ఉంటే ఆమె మొహంలో వచ్చే వెలుగు చూడాలి, కొన్ని ఇళ్ళల్లో అయితే పిలకాయలంతా హైదరాబాదు, బెంగుళూరు పోయి ఆ పెద్దవాళ్ళు పసిబిడ్డని ముట్టుకొని ఎన్నాళ్ళయిందో.

ఈ విషయంలో ట్రైనింగ్ గట్టిగా ఇచ్చారు. ఇంట్లోకి పోగానే వాక్యం తియ్యొద్దు, ముందు విను. బాగైపోతుందని మాట ఇవ్వొద్దు, అది నీ చేతుల్లో లేదు. ప్రార్థన చేశాం కదా అని బీపీ మాత్ర, షుగరు మాత్ర ఆపమని పొరపాటున కూడా అనొద్దు, ఎవరైనా ఆపి ఉంటే మళ్ళీ వేసుకోమని చెప్పి డాక్టరు దగ్గరికి పంపించు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో ప్రార్థన విన్నపం పేరుతో కూడా బయటపెట్టొద్దు. ఈ చివరిది మన సంఘాలన్నిట్లో గోడ మీద రాసి పెట్టాలి, ఉపవాస కూడికలో ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి అని మొదలుపెట్టి వాళ్ళ ఇంటి గుట్టంతా మైకులో చెప్పేయటం ఎన్ని చోట్ల చూశామో.

ఒక ఇంట్లో బాలింత, బిడ్డని దగ్గరికి తీసుకోవట్లేదు, రాత్రిళ్ళు నిద్రలేదు, ఊరికే ఏడుస్తా ఉంది. ఇంట్లోవాళ్ళు దయ్యం అన్నారు, దిష్టి అన్నారు. నాకు కూడా కాన్పయిన కొత్తల్లో కొన్నాళ్ళు అలాంటి దిగులే ఉండేది కాబట్టి ఆమెని చూడగానే అర్థమైంది. పాస్టరమ్మ గారికి చెప్తే ఆమె అదే రోజు వాళ్ళ అత్తతో మాట్లాడి, రిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్ళే ఏర్పాటు చేశారు, మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేసే టెలిమానస్ నంబరు 14416 కూడా ఇంట్లో క్యాలెండరు మీద రాసిచ్చారు, అది ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఆ అమ్మాయి ఇప్పుడు బాగుంది, బిడ్డ బాగుంది. ప్రార్థన కూడా చేశాం. రెండూ చేశాం. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదని నేర్పే సంఘం దొరికినందుకు నేను దేవుడికి ఎన్ని వందనాలు చెప్పినా సరిపోవు.

సండే స్కూలు, మేలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ స్కూలు) పనిలోకి పెట్టేముందు పిల్లల రక్షణ గురించి ఒక రోజంతా క్లాసు పెట్టారు. పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో చట్టం 2012లో వచ్చింది, ఒక బిడ్డకి అలాంటి హాని జరిగిందని తెలిసి కూడా చెప్పకపోవటం ఆ చట్టంలో నేరమే, అది టీచరైనా పాస్టరైనా ఒకటే. ఏ గదిలో అయినా పిల్లలతో ఒక్క పెద్దమనిషే ఉండకూడదు, ఇద్దరుండాలి. తలుపు తీసే ఉండాలి. పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098 బోర్డు మీద రాసి పెట్టాలి. తల్లిగా ఇది వింటుంటే నాకు ఎంత ధైర్యంగా అనిపించిందో. మీరు చేరబోయే చోట ఈ క్లాసు లేకపోతే పెట్టమని అడగండి, అడగటానికి మొహమాటపడొద్దు, మన బిడ్డలు అక్కడే తిరుగుతారు.

డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చింది గుర్తుందా, 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు నుంచే మన వైపంతా ఒకటే వాన, తీరం ఊళ్ళ వాళ్ళని షెల్టర్లకి తీసుకెళ్ళారు. క్లాసులు ఆపేసి చర్చి వంటశాలలో పులిహోర, సాంబారన్నం పొట్లాలు కట్టాం. ఆ రోజుల్లో పాపని మా అత్తమ్మ దగ్గర పెట్టా, వానలో బిడ్డని తిప్పటం కుదరదు కదా. అబ్బాయిలు కొత్తపట్నం వైపు పొట్లాలు తీసుకెళ్ళారు, మేము వండాం. నేర్చుకోవటం అంటే క్లాసే కాదు అని సారు అన్నారు, నిజమే. కానీ అక్కడ కూడా ఆడవాళ్ళం వంటశాలలోనే ఉన్నాం, ఆ మాట మీదే లోపాల్లోకి వస్తా.

మొదటిది రాత్రి కూడికలు. టైంటేబుల్లో ఉండవు, కానీ బుధవారం ఇళ్ళ కూడిక, మధ్యలో ఎవరిదో గృహప్రవేశం, ఎవరిదో ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక, ఇలా వారానికి రెండు మూడు వస్తాయి. ఏడున్నర అంటారు, ఎనిమిదిన్నరకి మొదలవుద్ది, భోజనాలు అయ్యేసరికి పది దాటుద్ది. ఇంటర్న్‌లు అందరూ రావాలి అంటారు. పది దాటాక బిడ్డని భుజానేసుకొని ఆటో కోసం నిలబడటం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు, మా ఆయన నైట్ షిఫ్టులో ఉంటే ఇంకా కష్టం. అక్టోబర్ దాకా ఓర్చుకొని తర్వాత పాస్టరు గారితో కూర్చొని మాట్లాడా, రాత్రి కూడిక బదులు గురువారం మజ్జానం స్త్రీల కూడికని నా డ్యూటీ కింద వేశారు. అడిగాక ఇచ్చారు, సంతోషమే. అడగకముందే ఉండాలి అనేది నా అభిప్రాయం. ప్రసూతి చట్టం 2017లో మార్చాక 50 మంది పనిచేసే చోట శిశువిహారం పెట్టాలని రూలు వచ్చింది, నలుగురు ఇంటర్న్‌లుండే మన చర్చికి ఆ రూలు పట్టదు. చట్టం అడగని చోట సంఘం తనంతట తనే ముందుకొచ్చి చెయ్యాలి, తల్లుల్ని చూసుకోవటం లోకం కంటే మనకి ఎక్కువ తెలియాలి కదా.

రెండోది, పాలిచ్చే చోటు. మొదట్లో సామాన్ల గదిలో మైకు పెట్టెల మధ్యన కూర్చొని పాలిచ్చా, ఫ్యాను లేదు, జూన్ నెల, ఒంగోలు ఎండ మీకు తెలుసు. రెండు నెలలకి ఒక మూల కర్టెన్ కట్టి కుర్చీ, ఫ్యాను పెట్టారు. ఇప్పుడు ఆదివారం వచ్చే తల్లులందరూ అక్కడే కూర్చుంటున్నారు.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అబ్బాయిలిద్దరికీ సెప్టెంబర్ నుంచే ఆదివారం ఆరాధనలో వర్తమానానికి అవకాశం ఇచ్చారు. మా ఇద్దరికీ సండే స్కూలు, స్త్రీల సమాజం. రాసి ఇచ్చిన వర్తమానాల్లో మా మార్కులు ఏమీ తక్కువ కాదు. అడిగితే సంఘ పెద్దలు కొందరికి ఇష్టం లేదమ్మా అన్నారు. పెద్దల్ని నేను గౌరవిస్తా, మా తాత కూడా సంఘ పెద్దగా చేసినాయనే. కానీ పక్క జిల్లా నంద్యాల డయోసిస్‌కి 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చరిత్రలోనే మొదటి మహిళా బిషప్, తెలుగు ఆమె. మనది బాప్టిస్టు సంఘం, వాళ్ళ పద్ధతి వేరు, ఒప్పుకుంటా. అయినా కొండ మీద ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు అని క్లాసులో నేర్పించి ఆదివారం మైకు దగ్గరికొచ్చేసరికి ఆపటం నాకు ఎలా సరిపోతుంది. ఇది నేను పాస్టరు గారి మొహం మీదే చెప్పా, ఆయన కోప్పడలేదు. ఫిబ్రవరిలో నాకు, ఆ అమ్మాయికి ఒక్కో ఆదివారం ఇచ్చారు, వర్తమానం అనకుండా సాక్ష్యం, అంటే సొంత అనుభవం చెప్పటం అని ఇచ్చారు. నేను రూతు మీద మాట్లాడా. ఒకటో అధ్యాయంలో రూతు అత్త నయోమి తన కష్టాన్ని దాచుకోకుండా ఊళ్ళోవాళ్ళ ముందు చెప్పుకున్న చోటు. బయటికొస్తుంటే ఒక పెద్దాయన ఆగి, బాగా చదివి చెప్పావమ్మా అన్నారు. వద్దన్న పెద్దల్లో ఆయన కూడా ఒకరని నాకు తర్వాత తెలిసింది. పోయిన ఒక్క మార్కు ఎక్కువగా దీనికే.

డబ్బుల సంగతి తొందరగా చెప్పేస్తా. ఫీజు లేదు. నెలకి మూడు వేలు ఇస్తారు, అందులో ఎక్కువ ఆటోలకే పోద్ది. పుస్తకాలు చర్చి లైబ్రరీలోవి వాడుకోవచ్చు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌కి సెరంపూర్ గుర్తింపు లేదు, యూనివర్సిటీ గుర్తింపు లేదు, ఉద్యోగానికి పనికిరాదు, ఇది ఇంటర్వ్యూలోనే స్పష్టంగా చెప్పారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. డిగ్రీ కావాలంటే తర్వాత సెరంపూర్ వాళ్ళ బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) ఇంట్లో ఉండే రాసుకోవచ్చు, నేను దానికే చూస్తున్నా.

ఇంట్లో ఒక మనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే మాత్రం చేరొద్దు. మా అత్తమ్మ మొదట్లో బిడ్డని పెట్టుకొని ఇళ్ళమ్మట తిరగటం ఏంది అన్నది. తుపాను రోజుల్లో పాపని తనే చూసుకున్నాక మెత్తబడింది, సంక్రాంతి దాటాక శనివారాలు తనే నాతో గృహదర్శనాలకి రావటం మొదలుపెట్టింది, ఆమెకి తెలిసినన్ని ఇళ్ళు, తెలిసినన్ని చుట్టరికాలు నాకెక్కడివి. కొన్ని ఇళ్ళ తలుపులు ఆమె వల్లే తెరుచుకున్నాయి. మా ఆయన షిఫ్టు మార్చుకోవటానికి మేస్త్రీని అడగాల్సి వచ్చింది, అది కూడా చిన్న విషయం కాదు, పరిచర్యలో సగం ఆయనదే అని నేను అందరికీ చెప్తుంటా.

బిడ్డ వయసు గురించి అడిగేవాళ్ళకి, ఆర్నెల్ల లోపు అయితే ఇంకో ఏడాది ఆగండి, మీ ఒళ్ళు కూడా కోలుకోవాలి. ఏడాది దాటాక పర్లేదు. మూడేళ్ళు నిండితే అంగన్‌వాడీలో వేసి పొద్దున క్లాసులకి హాయిగా రావచ్చు, అన్నం గుడ్డు అక్కడే పెడతారు. మా పాపని ఆ వయసు రాగానే వేశాం.

మా దగ్గర జూన్ బ్యాచ్‌కి మే మొదటి వారం నుంచే పేర్లు తీసుకుంటారు, మీ సంఘంలో ఉంటే స్త్రీల సమాజం అక్కల్ని అడిగితే తెలుస్తుంది. ఇంటర్వ్యూకి బిడ్డని ఇంట్లో పెట్టకుండా తీసుకెళ్ళండి. రాత్రి కూడికలకి రావాలా వద్దా, పాలిచ్చే చోటు ఉందా, బిడ్డకి జ్వరమొస్తే ఎన్ని సెలవలు, ఆడవాళ్ళకి ఆదివారం వర్తమానం ఇస్తారా, పిల్లల రక్షణ క్లాసు ఉందా, ఇవన్నీ ఆ రోజే అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. ఈ సంవత్సరం మా సంఘంలో చేరబోయే ఇద్దరు తల్లులకి పాస్టరు గారు అడగకముందే ఆ కాగితం ఇచ్చారు, రాత్రి కూడికలు అందులో లేవు, ఆదివారం వర్తమానం గురించి ఇంకా పెద్దలతో మాట్లాడుతున్నారు.